మెయిన్ స్విచ్చి మీద ఆరు తాళాలు

అట్టపెట్టెల ఫ్యాక్టరీలో ఆయన్ని అందరూ తాళాలాయన అంటారు. ఎదురుగా కాదు లెండి, ఎదురుగా సార్ అనే అంటారు. పాత యంత్రానికి కొత్త కంట్రోల్ ప్యానెల్ బిగించే పనికి ప్లాను వేసింది ఆయనే. ఏ వైరు ముందు విప్పాలి, ఏది తర్వాత కలపాలి, ఎవరు ఎక్కడ నిలబడాలి, అన్నీ నలభై పేజీల్లో పూసగుచ్చినట్టు రాశాడు. ఒక్కడూ చదివిన పాపాన పోలేదు. ఫోర్‌మన్ అయితే దాని మీద టీ గ్లాసు పెట్టుకున్నాడు.

అందులో ఆయన ప్రాణం పెట్టి రాసింది ఒక్కటే నియమం. యంత్రంలోకి దిగే ప్రతివాడూ మెయిన్ స్విచ్చికి తన తాళం తాను వేసుకోవాలి. బయటికొచ్చాక తన చేత్తో తానే తీయాలి. ఒక్క తాళం మిగిలినా స్విచ్చి లేవదు, కరెంటు రాదు. ఇంత చిన్న సంగతి బుర్రకెక్కించడానికి ఆయన గొంతు అరిగిపోయింది. పైగా ఈసారి యంత్రం కింద పడుకుని వైర్లు లాగుతున్నది సొంత అల్లుడు. అమ్మాయి పెళ్లయి ఇంకా ఏడాది కాలేదు.

రెండో రోజు మధ్యాహ్నం మేనేజరు పిలిపించాడు.

"మూడు రోజులెందుకండీ? సాయంత్రం ఓనరుగారు వస్తున్నారు. ఒక్కసారి రోలర్లు తిప్పి చూపిద్దాం."

"ఆపే బటన్లు ఇంకా పరీక్ష చేయలేదు సార్. రేపు అదే పని."

"బటన్లు నొక్కి చూడ్డానికి రోజంతానా? మీ చాదస్తం మరీ ఎక్కువైపోతోంది."

చాదస్తమట! పాతికేళ్లుగా వింటున్నాడు ఈ మాట. పనికొచ్చినవాడు పది వేళ్లతో ఇంటికి వెళ్లాలనుకోవడం చాదస్తమా? అరగంట వాదించాడు. గోడతో చెప్పుకున్నా ఈపాటికి కరిగేది. ఒళ్లు మండి, తలుపు ధడాలున వేసి బయటికొచ్చాడు.

పొద్దున మెయిన్ స్విచ్చికి ఆరు తాళాలున్నాయి. ఇప్పుడు ఒక్కటే ఉంది. ఫోర్‌మన్ తాళంచెవుల గుత్తి పట్టుకుని దాన్నీ తీస్తున్నాడు.

"ఏం చేస్తున్నావయ్యా!"

"అందరూ భోజనానికి వెళ్లారు కదండీ. మేనేజరుగారు తిప్పి చూడమన్నారు..."

ఆయన అతని చెయ్యి లాగిపడేసి యంత్రం దగ్గరికి పరిగెత్తాడు. రోలర్ల కింద నుంచి రెండు బూట్లు కనిపించాయి.

"బాబూ! బయటికి రండి!"

అల్లుడు పాక్కుంటూ వచ్చాడు. మొహం నిండా గ్రీజు. "ఒక్క వైరే మిగిలింది మావయ్యగారూ. అదీ అయ్యాక తిందామని..."

ఆయన భయం కోపంగా మారడానికి ఎంతోసేపు పట్టలేదు. వెనకే వచ్చిన ఫోర్‌మన్ మీద విరుచుకుపడ్డాడు.

"ఈ తాళంచెవులు నీ చేతికెలా వచ్చాయి?"

"అందరి రెండో తాళంచెవీ నా గదిలో మేకుకే ఉంటుందండీ. ఎవరైనా మర్చిపోయి ఇంటికెళ్తే పని ఆగకూడదని."

"ఎవడు నేర్పాడు నీకు ఈ పద్ధతి?"

"మీరేనండీ. అమ్మాయి పుట్టిందని హాస్పిటల్ నుంచి కబురొస్తే, మీ తాళం నన్ను తీసెయ్యమని చెవి నా చేతిలో పెట్టి పరిగెత్తారు. మర్నాడు తిరిగిస్తే, మళ్లీ ఎప్పుడైనా అవసరం పడుతుంది, నీ దగ్గరే ఉంచు అన్నారు. అప్పుడు కొట్టానండీ ఆ మేకు. తర్వాత అందరూ ఇచ్చారు."

నిజమే. అన్నాడు. ఆ రోజు ఆయనకున్న సంతోషంలో ఏమన్నా అని ఉండేవాడు.

అల్లుడు మొహం తుడుచుకుంటూ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "మావయ్యగారూ, ఈ సంగతి ఇంట్లో చెప్పకండి. తను భయపడుతుంది."

సరిగ్గా ఆ మాటే అల్లుణ్ణి ఎలా అడగాలా అనుకుంటున్న ఆయన, సిగ్గుతో తల వంచుకున్నాడు.