మా ఆటల రాక్షసుడు మంచోడట

ఆ రోజుల్ల కంప్యూటర్ కాడికి పోవుడంటె దేవునర్రలకు పోయినట్టే. చెప్పులు బయట ఇడవాలె, దుమ్ము రాకుండ తలుపు వెంటనే మూయాలె, పని అయినంక కీబోర్డు మీద బట్ట గప్పాలె. పండుకొని, తినుకుంట, బస్సుల నిలబడి ఆటలాడే ఇప్పటి పిల్లలకు ఈ ముచ్చట చెప్తె నవ్వుతరు. నవ్వితె నవ్వనీయి. గని తొంభైల నడుమ, నల్లగొండ గడియారం సెంటర్ ఎనుక గల్లీల కూసోని నేను ఒక లోకాన్నే తయారు చేసిన అంటె మాత్రం ఎవ్వరు నమ్మరు. అడవులు, ఏర్లు, కోటలు, ఒక రాక్షసుడు, అన్ని ఉండేటియి అండ్ల. ఆ లోకాన్ని చూసినోళ్లు ఏమేమన్నరో తలుసుకుంటె నాకు ఇప్పటికి గూడ బీపీ పెరుగుతది (ఉప్పు తగ్గియ్యమంటడు డాక్టర్. పాపం, ఆయనకు ఈ సంగతి తెల్వది).

అప్పుడే నా డిగ్రీ అయింది. మా గల్లీలనే ఉన్న కంప్యూటర్ సెంటర్ల పాఠం చెప్పే పనికి కుదిరిన. రెండు అర్రలు, నాలుగైదు కంప్యూటర్లు, అండ్ల ఏదో ఒకటి ఎప్పుడు ఖరాబే. బోర్డు మీద మాత్రం 'ఇంటర్నేషనల్' అని పెద్ద పెద్ద అక్షరాలుండె, అందుకని ఓనర్‌ను మేమంత ఇంటర్నేషనల్ సార్ అనేటోళ్లం. నాతోని పాటు పాఠం చెప్పే ఇంకొక పిలగాడు పోచంపల్లోడు. ఇంట్ల మగ్గాలు నడుస్తయి, వాళ్ల నాయిన చీరెల డిజైన్లు గీస్తడు. వీని సంచిల గూడ ఎప్పుడు గళ్ల కాయితాలే. అందుకని పేరు 'గ్రాఫ్' అని పడ్డది. ఒకనాడు కరెంటు పోయి ఊకనే కూసున్నప్పుడు గ్రాఫ్ అన్నడు, "అక్కా, గీ గళ్లల్ల చీరె అంచు గీస్తం గద. అడివి గీస్తె ఎట్లుంటది?" గీసిండు. నిజంగనే అడివి లెక్కనే ఉండె. ఇగ దాన్ని తెర మీద కదిలిచ్చే పని నేను మీదేసుకున్న.

అప్పటిదాంక మేము చూసిన ఆటలల్ల ఒక కారు ఒకటే తొవ్వల పోతది, లేకపోతె ఒకడు ఎడమ నుంచి కుడికి ఉరుకుతనే ఉంటడు. మా ఆట గట్ల ఉండొద్దు అనుకున్నం. ఆడేటోడు ఎటన్న పోవచ్చు. అడివిలకు పో, ఏటి ఒడ్డుకు పో, కోటకు పో, నిన్నెవ్వడు అడగడు. తొవ్వల మనుషులు కలుస్తరు, వాళ్లు రాక్షసుని గురించి చెప్తరు. కత్తి ఒకకాడ దొరుకుతది, అది పట్టుకొని ఉత్తరం దిక్కు కొండకు పోయి రాక్షసుని సంపాలె. పేరు 'ఏడు కోటల రాజ్యం' (నాలుగు కోటలయినంక కంప్యూటర్ మెమరీ నిండింది. అప్పటికే పేరు పెట్టినం, ఇగ ఏం జేస్తం). పొద్దున పాఠాలు చెప్పుడు, పగటీలి ఖాళీగున్న కంప్యూటర్ మీద రాజ్యం కట్టుడు. ఫ్లాపీల ఎక్కియ్యకముందే కరెంటు పోతె, ఆనాటి అడివి ఆనాడే మాయం. గట్ల ఎన్ని అడవులు పోయినయో లెక్కలేదు.

ఇదంత బాపుకు నచ్చలేదు. ఆయన బడిపంతులు, నన్ను గూడ పంతులమ్మను చెయ్యాలని బీఎడ్ సీటు సంగతి అందర్ని అడుగుతున్నడు. "ఆటలు రాసి బతికినోన్ని నల్లగొండ మొత్తంల ఒక్కన్ని జూపియ్యి బిడ్డా" అనేటోడు. చూపియ్యనీకె ఎవడున్నడు? సరిగ్గ అప్పుడే ఇంటర్నేషనల్ సార్ మా ఆట చూసి ఎగిరి గంతేసిండు. వాళ్ల బామ్మర్ది హైదరాబాద్‌ల సాఫ్ట్‌వేర్ కంపెనీ నడుపుతడట. "మా వోన్ని పిలుస్త. నచ్చిందంటె మీ ఇద్దరికి ఆడనే నౌకరి" అన్నడు. బాపు మొఖం జర మెత్తబడ్డది. "సరే, ఆయన వచ్చిపోయేదాంక చూద్దాం. ఆయన కాదంటె మాత్రం బీఎడ్‌ల చేరాలె" అన్నడు. నేను సరే అన్న. కాదంటరన్న ఫికర్ నాకు ఏ కోశాన లేకుండె.

బామ్మర్ది వచ్చే లోపల ఆటకు పేరు రావాలని సార్ ఆటోకు మైకు కట్టించి ఊరంత తిప్పిండు. "రండి, చూడండి, కంప్యూటర్‌లో రాజ్యం!" అని మైకుల అరుస్తుంటె, సర్కస్ అనుకొని శానమంది వచ్చిండ్రు. ఏనుగు లేదని తెలిసి సగం మంది ఎనుకకు మర్లిండ్రు. ఉన్న సగం మంది ఒకటే ప్రశ్న, "ఎటు పోవాలె?" నేను గొప్పగ, "ఎటన్న పోవచ్చు" అంట. వాళ్లు ఇంకా పరేశాన్ అయి, "గట్ల గాదు మేడం, అసలు ఎటు పోవాలె?" అంటరు. చెప్పి చెప్పి నా గొంతు పోయింది. ఎవడన్న ధైర్యం జేసి కత్తి దొరికిచ్చుకొని కొండ దాంక పోయిండా, రాక్షసుడు ఒక్క దెబ్బకు సంపుతడు. ఆట మళ్ల మొదటికొస్తది. "గిదేం ఆట, గింత నడిచొస్తె సంపుతడేంది?" అని లేచి పోతరు. రాక్షసునికి బలం జర ఎక్కువ పెట్టిన, నిజమే. గని ఊకనే సస్తె వాడు రాక్షసుడెట్ల అయితడు?

పక్క దుకాణంల బట్టలు కుట్టే చాచా వచ్చి పావుగంట ఆడి, కండ్లద్దాలు తీసి తుడుచుకొని అన్నడు, "అంత మంచిగున్నది బేటా. గని గీ ఆటల పిలగానికి తమీజ్ లేదు, మర్యాద తెల్వది. తొవ్వల మనుషులు ఎదురొస్తుంటె సలాం గూడ చెయ్యకుంట పోతుండు." నాకు మండింది. రాక్షసుని సంపబోయేటోనికి సలాములెందుకు చాచా అన్న. ఆయన తల అడ్డంగ ఊపిండు. రెండు రోజులు కూసోని సలాం చేసే మీట ఒకటి పెట్టిన. చాచా మళ్ల వచ్చి, మీట ఒత్తి, ఎదుటి మనిషి 'ఉత్తరాన రాక్షసుడున్నాడు, జాగ్రత్త' అని జవాబిస్తె (అప్పుడు కంప్యూటర్ల తెలుగు అక్షరాలు రాకపోయేటియి, ఇంగ్లీషు అక్షరాలల్ల తెలుగు రాసినం), "సలాం చేస్తె బెదిరిస్తరా ఎవలన్న?" అనుకుంట పోయిండు.

ఊర్ల వారపత్రిక నడిపే పెద్దమనిషి గూడ వచ్చిండు. ఆయన కూసున్న కాసేపటికే కరెంటు పోయింది. చాయ్ తాగిపిచ్చి, మళ్ల రమ్మని బతిమాలినం. ఏం ఫికర్ జెయ్యకండ్రి, చూసిన కాడికి చాలు అన్నడు. ఆ వారం పేపర్ల ఏం రాసిండనుకున్నరు? ఏడు కోటలని చెప్పి నాలుగే కట్టిండ్రు, ఎలక్షన్ల వాగ్దానాలకు ఈ ఆటకు తేడా లేదు, కోటల ఉండే రాజు ఒంటి మీద చీరె కప్పిండ్రు అని! గ్రాఫ్ ఆనాడు అన్నం తినలేదు. అది చీరె గాదు, వాళ్ల నాయిన గీసిన, భుజం మీద ఏసుకునే రుమాలు డిజైను. రాజుకు శాలువ లెక్క రావాలని గీసిండు. "అక్కా, వానికి రుమాలుకు చీరెకు తేడా తెల్వది. వాడు మన ఆట సంగతి రాస్తడా?" అని ఒకటే బాధ. ఇంటర్నేషనల్ సార్ మాత్రం ఆ పేపర్ కత్తిరించి గోడకు అతికిచ్చిండు. తిట్టినా సెంటర్ పేరు సక్కగ అచ్చేసిండ్రు గదా అని ఆయన ఖుషీ.

ఇగ మా మేనత్త సంగతి. మోకాళ్ల నొప్పులని దవాఖానల చూపెట్టుకోనీకె హాలియా నుంచి వచ్చి మా ఇంట్ల ఉన్నది. ఇంట్ల పొద్దుపోక, గోడ పట్టుకొని మెల్లగ నడిచి సెంటర్‌కు వచ్చేది. ఒకనాడు నేనే కూసోబెట్టి, బాణం మీటలు చూపిచ్చిన, గివి ఒత్తితె గీ మనిషి నడుస్తడని. ఆనాటి నుంచి మా రాజ్యం ఆమెదే అయింది. అత్తకు అక్షరాలు రావు. కనుక రాక్షసుడున్నడు జాగ్రత్త అని మేము తొవ్వ పొడుగున రాసిన హెచ్చరికలు ఒక్కటి గూడ ఆమెకు చేరలేదు. కత్తి కనవడితె, "ఎవలో పారేసుకున్నరు, మనకెందుకు" అని పక్క నుంచి పోయింది. సక్కగ కొండెక్కి రాక్షసుని కాడికే పోయి నిలవడ్డది. నేను కండ్లు మూసుకున్న. రాక్షసుడు ఏమనలేదు. చేతుల కత్తి ఉన్నోన్నే కొట్టాలని ప్రోగ్రాం రాసిన గదా, కత్తి లేకుంట కొండెక్కెటోళ్లు ఉంటరని నేననుకోలేదు. అత్త మెల్లగ అటు ఇటు తిరిగి, "ఈ నల్లాయన మంచోడు బిడ్డా. ఎవ్వల్ని ఏమనడు. ఒక్కడే ఉంటడు పాపం" అన్నది. నా తల ఎక్కడ కొట్టుకోవాలె చెప్పుండ్రి? నెలల కొద్ది రాసిన రాక్షసుడు!

ఆఖరికి ఒక ఆదివారం హైదరాబాద్ బామ్మర్ది వచ్చిండు. ఇస్త్రీ అంగి, నల్ల బ్రీఫ్‌కేసు. బాపు గూడ తెల్ల ధోతి కట్టుకొని వచ్చి ఒక మూలకు కుర్చీల కూసున్నడు. బామ్మర్ది ఆట మొదలువెట్టి, కత్తి తీసుకొని, కొండెక్కి, సచ్చిండు. మళ్ల మొదటి నుంచి నడిచి, మళ్ల సచ్చిండు. మూడోసారి గూడ సచ్చినంక కుర్చీ ఎనుకకు జరిపిండు.

"చూడమ్మా, రాజ్యం పెద్దగా ఉంది, కాదనను. కానీ అందులో చేయడానికి ఏముంది? నడవడం, చావడం, అంతేగా?" అన్నడు.

నేను జవాబు చెప్పేలోపలనే తలుపు కాడి నుంచి అత్త గొంతు లేసింది. "నడిస్తె సాలదా బాబు? నేను రోజు గంట సేపు నడుస్త గండ్ల. మోకాళ్లు నొయ్యవు. ఏటి కాడ నిలవడ్డా ఎవ్వలు ఏమనరు. ఏం పనిలేదు, గందుకే మంచిగున్నది."

మా ఆట మెచ్చుకున్న ఒక్క మనిషి, మెచ్చుకుంటనే మమ్ముల నిండ ముంచింది. బామ్మర్ది నవ్వు ఆపుకొని, "అదే నేను చెప్తున్నానండీ, ఏం పని లేదని" అన్నడు. అత్త గూడ తన మాట ఒప్పుకున్నడని సంబురపడి నవ్వింది. ఇంటర్నేషనల్ సార్ ఉస్మానియా బిస్కెట్ల పళ్లెం ముందుకు జరిపిండు.

అయితె బామ్మర్ది చెడ్డోడేం గాదు. చాయ్ తాగి, "మీ ఇద్దరికీ పని వచ్చు. మా దగ్గర జీతాల లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్ ఉంది, రండి. ఈ ఆట సంగతి మాత్రం మర్చిపోండి" అన్నడు. ఇరవై ఒక్కేండ్ల పిల్లకు ఆ 'మర్చిపోండి' అన్న మాట ఎక్కడ తగిలిందో ఏమో, "ఆట వద్దంటె నేను గూడ రాను సార్" అన్న. గ్రాఫ్ లేచి నిలవడి, "అక్క రాకపోతె నేను రాను" అన్నడు (ఆ మాట మీద నెల దినాలు ఉన్నడు. తర్వాత పోయిండు. మంచి పని చేసిండు, ఇప్పుడు హైదరాబాద్‌ల సొంత ఇల్లు). ఇగ బీఎడ్ ఖాయమని బాపు సంతోషం దాచుకోలేక, దగ్గు వచ్చినట్టు చేసి బయటికి పోయిండు. ఇంటికి పోయేటప్పుడు, "పోనీ తియ్యి బిడ్డా. గని ఆ అడివి మాత్రం మస్తు గీసిండ్రు" అన్నడు. బాపు ఆ ఆటను మెచ్చుకుంట అన్నది ఆ ఒక్క మాటే.

బీఎడ్ అయింది, పాలమూరు దిక్కు బడిల లెక్కల టీచర్‌నయిన. సెంటర్ మూతవడ్డది. ఫ్లాపీ ఇల్లు మారంగ ఎక్కడనో పోయింది, రాజ్యం గూడ దానెంటనే పోయింది.

మొన్న ఎండకాలం సెలవులకు ఇంటికొచ్చిన నా బిడ్డ, లోకమంత ఎదురుచూసిన ఏదో పెద్ద ఆట కొనుక్కొని ఆడింది. పొద్దుగూకంగ ఫోన్‌ల చకచక కొడుతున్నది. ఏందే అంటె, "రివ్యూ రాస్తున్నమ్మా. చెత్త ఆట. గుర్రం గోడల ఇరుక్కపోయింది. ఐదు స్టార్లకు ఒక్క చుక్కే ఇస్తున్న" అన్నది.

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. "ఎంత సేపు ఆడినవే?"

"రెండు గంటలు."

"రెండు గంటలకే చెత్త అంటవా? గుర్రం ఒక్కటే ఇరుక్కున్నది గదా, కొండలు గియ్యలేదా, ఏర్లు గియ్యలేదా? ఒక్కొక్క చెట్టు ఎవలో కూసోని గీస్తరు. గుర్రాన్ని ఎనుకకు తిప్పుకొని పోరాదు?"

అది నా దిక్కు వింతగ చూసింది. "నీకెందుకమ్మా గంత కోపం? ఆ ఆట నువ్వు చేసినవా?"

మూతి ముడుచుకొని నిలవడ్డ. అది నా మొఖం చూసి, ఏమనుకున్నదో ఏమో, ఫోన్ మళ్ల తీసి ఇంకొక చుక్క కలిపింది. "సరేనా, రెండు" అన్నది. ఏ దేశంల ఉంటరో, ఎవలు చేసిండ్రో తెల్వని ఆ మనుషుల తరఫున నేను వంటింట్లకు పోయి, ఎవ్వరికి కనవడకుంట నవ్వుకున్న. ఆ ఒక్క చుక్క ఆనాడు నల్లగొండల ఎవలన్న మాకు ఇచ్చి ఉంటె, ఆ ఇరవై ఒక్కేండ్ల పిచ్చి పిల్ల గల్లీ మొత్తం మిఠాయి పంచి ఉండేది.