కార్ దగ్గరే ఆగిపోయే అక్క

డెన్వర్‌లో నా మొదటి ఉద్యోగంలో ఒక సీనియర్ ఉండేది. అక్కా అని పిలిచేదాన్ని. ఫోన్‌లో మ్యాప్‌లు లేని రోజులవి. నెలకో శనివారం దారి ప్రింట్ తీసుకుని, నన్ను కార్‌లో ఎక్కించుకుని కొండల మీది బౌద్ధ ఆరామాలకు తీసుకెళ్ళేది. నాలుగు గంటల ప్రయాణం. తీరా చేరాక తను మాత్రం కార్ దగ్గరే ఆగిపోయేది.

"నువ్వెళ్ళి చూసిరా. లోపల మనవాళ్ళెవరైనా ఉన్నారేమో చెప్పు," అనేది.

రెండు చోట్ల ఎవరూ లేరని చెప్పాను. ఇంత దూరం వచ్చి లోపలికి ఎందుకు రాదో నాకు అంతుపట్టేది కాదు.

మూడో ఆరామంలో గుండుతో ఉన్న ఒకాయన మెట్లు ఊడుస్తూ నన్ను తెలుగులో పలకరించాడు. ఎవరితో వచ్చావమ్మా అంటే కార్ వైపు చూపించాను. చీపురు పక్కన పెట్టి నా వెనకే వచ్చాడు.

"బాగున్నావా?" అన్నాడు.

"బాగున్నా," అంది అక్క.

"ఈ కొండదారిలో డ్రైవ్ ఎవరు చేశారు?"

"నేనే."

ఆయన తలూపి వెళ్ళిపోయాడు.

తిరుగుదారిలో ఉండబట్టలేక అడిగాను. "ఆయనెవరక్కా?"

"మా ఆయన. ఇల్లు వదిలి ఆరేళ్ళయింది. ఈ కొండల్లో ఎక్కడో ఉన్నాడని విన్నా. అప్పట్లో నాకు డ్రైవింగ్ రాదు."

మరుసటి నెల అక్క మళ్ళీ ఫోన్ చేసి, ఇంకో ఆరామం ఉందట, వెళ్దామా అంది.

"ఆయన కనిపించారు కదక్కా, ఇంకెందుకు?"

"ఇన్ని తిరిగాం గానీ, నేను ఒక్కటీ చూడలేదుగా," అంది.