ప్రార్థనలో పెట్టిన రేకు

ఆసుపత్రిలో బట్టలుతికే విభాగంలో ఆమెను అందరూ గంజక్క అనేవారు. పదిహేడేళ్లుగా దుప్పట్లకు గంజి పెట్టి ఇస్త్రీ రోలర్‌కు అందించేది. రోలర్ దగ్గర నిలబడి కొసలు సర్దే పని ఆమె చెల్లెలిది.

రోలర్‌లోకి చేతులు పోకుండా అడ్డంగా ఒక రేకు ఉండేది. అది ఊడిపోయిన రోజే గంజక్క సూపర్‌వైజర్‌కు చెప్పింది. వాళ్ల చర్చిలో ఆయనే సంఘ పెద్ద. నోరు తెరిస్తే స్తోత్రం, మూస్తే హల్లెలూయ.

“ప్రార్థనలో పెట్టానమ్మా,” అన్నాడు.

వారం తర్వాత మళ్లీ చెప్పింది.

“ప్రభువే చూసుకుంటాడు.”

“ప్రభువు కాదండీ, మెకానిక్ చూడాలి. మీరు కాగితం రాసి పంపాలి.”

“నీకు విశ్వాసం తక్కువ,” అని నవ్వాడు.

మూడో వారం దుప్పటితో పాటు చెల్లెలి కుడిచెయ్యి లోపలికి పోయింది. గంజక్క పరుగెత్తి మీట నొక్కేలోపే వేళ్లు నుజ్జయ్యాయి. మూడు తీసేశారు.

చెల్లెలు కట్టుతో చర్చికి వచ్చిన మొదటి ఆదివారం, సాక్ష్యాల వేళ ఆయనే లేచాడు. “మన సోదరి ప్రాణం దక్కింది. వేళ్లు పోవడం దేవుడి చిత్తం. దేవునికే మహిమ.”

ఆవలించినంత తేలిగ్గా సంఘమంతా ఆమెన్ అంది.

గంజక్క లేచింది.

“ఆమెన్ అంటే అలాగే జరగాలని. మా చెల్లి వేళ్లు పోవాలనా మీరంతా అన్నది?”

ఆమె సంఘ పెద్ద వైపు తిరిగింది.

“పెద్దయ్యా, ఇది దేవుడి చిత్తం కాదు, మీ బద్ధకం. ప్రార్థనలో పెట్టానన్నారే, ఒక్కసారైనా మోకాళ్లూనారా?”

ఆయన తల దించుకున్నాడు. “అలవాటుగా అన్నానమ్మా.”

“అది మా చెల్లి అన్నం తినే చెయ్యి, పెద్దయ్యా.”

పాస్టరుగారు “శాంతి, తల్లీ” అనబోయారు.

“ఆ మాటొక్కటైనా అరిగిపోకుండా మిగలనివ్వండి అయ్యగారూ,” అని చెల్లెలిని లేపుకుని బయటికి నడిచింది.

సోమవారం తనే ఫిర్యాదు రాసి, తోటివాళ్ల చేత సంతకాలు పెట్టించి, ఆసుపత్రి సూపరింటెండెంటు బల్ల మీద పెట్టింది. సాయంత్రానికి రేకు బిగించారు. ఇరవై నిమిషాల పని. అది చూశాక ఆమె ఒళ్లు మరింత మండిపోయింది. సూపర్‌వైజర్‌ను గోదాముకు మార్చారు.

గంజక్క చర్చి మానలేదు. “మీకోసం ప్రార్థిస్తున్నాం” అని ఎవరైనా అంటే, “ఎప్పుడు చేశారు? ఏమని?” అని నిలదీస్తుంది. చాలామంది పక్కకు తప్పుకుంటున్నారు. కుట్టుపని చేసే ఒక ముసలామె మాత్రం, ఏమీ అనకుండా, రోజూ వాళ్లింటికి వచ్చి చెల్లెలికి ఎడమచేత్తో గుండీలు పెట్టుకోవడం నేర్పిస్తోంది.