ఆయన చెవి, నా హాలీ కుండీలు

సింగపూర్ హాలీ మొక్క నాకు దొరికింది మేం బొగ్గుగనుల కాలనీలో ఉన్నప్పుడు. ఇది పూజకూ పనికిరాదు, కూరకూ పనికిరాదు, చూసుకోవడానికేనని మొక్కల బండి అతను ముందే చెప్పాడు. ఆ మాట నచ్చే కొన్నాను. చిన్న ఆకు, దళసరిగా ఉంటుంది, అంచుల వెంట ముళ్లు. లేత గులాబీ పూలు రాలాక శనగ గింజంత కాయలు కాసి ఎర్రబడతాయి. వాటి కొమ్మలే కోసి క్వార్టర్ ముందు వరుసగా నాటుకుంటూ పోయాను. పన్నెండేళ్లకు నా నడుమెత్తు కంచె అయింది. పొద్దున్నే బొగ్గు దుమ్ముతో నల్లగా ఉండేది, నీళ్లు కొడితే నూనె రాసినట్టు మెరిసేది. అబద్ధమెందుకు, దాన్ని చూసి గర్వపడేదాన్ని.

మా ఆయనది బాయిలో, అంటే భూమి లోపలి గనిలో, పైకప్పు చూసే పని. తోటివాళ్లు అడుగుపెట్టకముందే ఈయన ముందుకెళ్లి ఇనుప కడ్డీతో కప్పును కొట్టి వినేవాడు. ఖంగుమని మోగితే రాయి గట్టిగా ఉన్నట్టు. దబ్బుమంటే పైన డొల్ల, ఏ క్షణమైనా ఊడిపడుతుంది. కొట్టేముందు అందర్నీ వెనక్కి జరపడం ఆయన రివాజు. ఆయన సరే అంటే తప్ప తమవాళ్లు కదలరని పక్క క్వార్టర్ల ఆడవాళ్లు నాతో అనేవారు.

రిటైరయ్యాక క్వార్టర్ అప్పజెప్పి సుల్తానాబాద్‌లో కట్టుకున్న ఇంటికి వచ్చేశాం. కంచెను పెకిలించి తేలేం కదా. కొమ్మలు కోసి నాలుగు మట్టి కుండీల్లో నాటి తెచ్చుకున్నాను. వచ్చిన నెలకే పాత పొరుగామె ఫోన్ చేసింది. కొత్తగా దిగినవాళ్లు కారు పెట్టుకోవడానికి ఆ కంచె కొట్టేశారట. వాళ్ల అవసరం వాళ్లది. కానీ ఆ పూట నాకు అన్నం సయించలేదు. నా పన్నెండేళ్లకు మిగిలింది ఇక ఈ నాలుగు కుండీలే.

ఆయనకేమో ఇంట్లో ఏమీ తోచేది కాదు. షిఫ్టు టైముకు లేచి, తయారై, ఎక్కడికీ పోయేది లేదని గుర్తొచ్చి కుర్చీలో కూలబడేవాడు. అలాంటి మనిషి ఒకరోజు తనంతట తనే అన్నాడు: "గీ నాలుగు చెట్లు నేను జూసుకుంట. నువ్వు ఫికర్ జెయ్యకు."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయనకు పని దొరికింది, నాకు వంటింట్లో ఆయన సలహాలు తప్పాయి.

నెలన్నర తిరిగేసరికి మూడు కుండీల్లో ఆకులు పసుపుబారి రాలడం మొదలైంది. ప్రహరీ మీద ఎండలో ఉన్న నాలుగోది ముడుచుకుని గలగలమంటోంది. రైస్ మిల్లుల నుంచి ఎగిరొచ్చే ఊకను తిట్టాను. బోరు నీళ్లను తిట్టాను. ఏ సంబంధమూ లేని మొక్కల బండి అతన్ని కూడా తిట్టాను. వేపపిండి వేశాను. ఏదీ పని చేయలేదు.

ఒక పొద్దున ఆయన నీళ్లు పోసేటప్పుడు వెళ్లి పక్కన నిలబడ్డాను. ఆయన చిన్న కర్ర చేతిలోకి తీసుకుని, జర ఎన్కకు జరగమన్నాడు. మట్టి కుండీ ఎగిరి నెత్తిన పడుతుందా అని నవ్వుకుంటూనే జరిగాను. మొదటి కుండీని కొట్టాడు, దబ్బుమంది. ముఖం చిట్లించి రెండు చెంబులు పోశాడు. రెండోదీ, మూడోదీ అంతే. ప్రహరీ మీది కుండీ ఖంగుమంది. ఇది మంచిగున్నదని మెచ్చుకుని వదిలేశాడు.

ఆయన లోపలికి వెళ్లాక మట్టిలో వేలు పెట్టి చూశాను. మూడింటిలో బురద. నాలుగోది పిడకలా ఎండిపోయింది. తడి కుండీ దబ్బుమంటుంది, ఎండిన కుండీ మోగుతుంది. ఆయన కుండీలను గని కప్పులాగే విని, మునిగిపోతున్నవాటికి ఇంకా నీళ్లు పోస్తూ, దాహంతో ఉన్నదాన్ని భేషుగ్గా ఉందనుకుంటున్నాడు.

చెప్పడానికి నోరు రాలేదు. అంతమందిని కాపాడిన చెవి తప్పు వింటోందని ఏ ముఖం పెట్టుకుని చెప్పను? తెలివి చూపించబోయి, ఆయన బయటికి చాయ్‌కి వెళ్లినప్పుడు నాలుగో కుండీకి దొంగతనంగా నీళ్లు పోశాను. మర్నాడు అదీ దబ్బుమంది. ఆయన పరేషాన్ అయిపోయి దానికీ రెండు చెంబులు పోశాడు. ఇలాగైతే నా కంచె నామరూపాల్లేకుండా పోతుందని ఇక ఉండబట్టలేకపోయాను.

"కుండీల సంగతి ఉల్టా ఉంటది" అన్నాను. "మోగితే మట్టి ఎండినట్టు. దబ్బుమంటే నీళ్లున్నట్టు."

ఆయన ఒక్కో కుండీ మట్టిలో వేలు గుచ్చి చూసుకుంటూ పోయాడు. మళ్లీ ఆ కుర్చీకే అతుక్కుపోతాడేమోనని నాకు భయమేసింది. చివరికి వేలు తీసి లుంగీకి తుడుచుకున్నాడు.

"బాయిల మోగితే పానం నిలిచినట్టు. ఈడ మోగితే దూప అయినట్టు" అన్నాడు. "ముందుగాలనే చెప్తే అయిపోతుండె గదనే."

ఆయన నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి.

ఒక కుండీ దక్కలేదు. మిగతా మూడింటికి మట్టి మార్చి, నేను తిట్టిపోసిన ఆ మిల్లు ఊకనే కలిపి గుల్లచేశాం. ఆయన కర్ర మానలేదు, కాకపోతే ఇప్పుడు మోగినదానికే నీళ్లు పోస్తాడు. వానలకు చిగుళ్లొచ్చాయి, పూలొచ్చాయి. కొట్టేముందు నన్ను వెనక్కి జరపడం కూడా మానలేదు. నేనిప్పుడు నవ్వకుండా జరుగుతాను. జరగమన్న ఆ ఒక్క మాట విన్నందుకే ఎంతమంది షిఫ్టు దిగి ఇళ్లకు వచ్చారో నాకు తెలుసు.

మొన్న పప్పు పోపు పెడుతుంటే వాకిట్లోంచి పిలిచాడు. వెళ్లి అలవాటుగా దూరంగానే నిలబడ్డాను. ఆయన కుండీ ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. కర్ర చేతిలో లేదు. ముళ్ల ఆకుల్ని మెల్లగా పక్కకు తప్పించి, లోపల ఎర్రబడిన ఒక్క కాయను చూపిస్తూ, తల తిప్పకుండానే అన్నాడు:

"ఆడెందుకు నిలబడ్డవ్, జర ముందుకు రా."