పన్నులో నీలి చుక్క

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులు. మాది కోరుట్ల. నా పై దవడ పన్నుకు జగిత్యాలలో రూట్ కెనాల్ చేసినా నొప్పి పోలేదు. ఎక్స్‌రే బాగానే ఉండడంతో ఇంట్లో ఎవరూ నమ్మలేదు. చెప్పి చెప్పి అలసిపోయి, పన్ను పీకించుకోవడానికి ఒప్పుకున్నాను.

బస్సుల్లేక నాన్న బండి మీద మళ్లీ జగిత్యాలకే తీసుకెళ్లాడు. దారిలో నిరసనగా రోడ్డు మీదే వంటావార్పు చేస్తున్నవాళ్లు ఆపి, తిని పొమ్మన్నారు.

“దీనికి పన్ను నొప్పట. పరీక్షలంటే గిట్లనే నాటకాలు,” అన్నాడు నాన్న. అందరూ నవ్వారు. నేను తల దించుకున్నాను.

క్లినిక్‌లో కరెంటు లేదు. “పీకేముందు ఒక్కసారి చూస్త,” అని, రూట్ కెనాల్ చేసిన డాక్టరమ్మే పన్నులోని సిమెంటు తీసి, నీలిరంగు మందు వేసి కడిగింది. నాన్న టార్చి పట్టాడు. ఆమె భూతద్దంలోంచి చూసి, “నరం పోయే దారులు మూడే అనుకున్న. నాలుగోది గీ మూలకు దాగింది, సన్నగ. కడిగినా ఆడ రంగు పోలేదు చూడుండ్రి. నొప్పి వచ్చేది గీడికెల్లే,” అంది.

నాన్న వంగి ఆ నీలి చుక్కను చూశాడు. “అయితే నిజమే చెప్పినవా బిడ్డా?”

నోటి నిండా దూది. తల ఊపాను.

ఆ నాలుగో దారిని కూడా శుభ్రం చేయడంతో పన్ను దక్కింది. నొప్పి కంటే, అది ఉందని నమ్మించడమే ఎక్కువ అలసట అని ఆ రోజు తెలిసింది. తిరిగి వచ్చేటప్పుడు నాన్న గుంత వచ్చిన ప్రతిచోటా బండి నెమ్మది చేశాడు.