గడియ పెట్టని తలుపులు

తొంభైల్లో ఒక వానాకాలం భిలాయి వెళ్లాను. ఉక్కు కర్మాగారం వాళ్ల రిసాలి క్వార్టర్లలో ఉండే రిటైరైన ఫిట్టరు అప్పారావుగారు, మా విజయనగరం వైపు వారే, టీకి పిలిచారు. జల్లు గదిలోకి కొడుతుంటే లేచి తలుపు వేయబోయాను.

"గడియెట్టకు బాబూ," అన్నారాయన. ఆయన భార్య గడప దగ్గర గోనెసంచి పరిచింది.

"మా ఊరి పైనున్న ఆనకట్ట తెగిన్నాడు, జల్లు కొడతందని మాయమ్మ గడియెట్టింది. నీళ్లొచ్చి పడ్డాక ఆ తలుపింక తెరుసుకోనేదు. నాను సంతకెళ్లి బతికిపోనాను," అన్నారు అప్పారావుగారు.

"ఇక్కడికి వరద రాదు కదండీ?"

"రాదు. కానీ వానొస్తే, ఎనక్కెళ్లి ఆ గడియ తీసీయాలనిపిస్తాది."

సెలవు తీసుకుని బయటికొచ్చాను. ఆ వరుసలో ఇంకో నాలుగిళ్ల తలుపులు వానకి బార్లా తెరిచి ఉన్నాయి.

"ఆళ్లూ మా ఊరోళ్లే," అన్నారు గుమ్మం దాకా వచ్చిన అప్పారావుగారు.