మా ముసలాయన ఎత్తు కొలిచిన నాడు

బోనాలు అయిపోయిన తర్వాత రెండో మంగళవారం, పొద్దున సరిగ్గా పదిన్నర. మా మార్కెట్ షెడ్డు గోడ దగ్గర నేను చేసిన ఘనకార్యం చెబుతాను, వినండి. నవ్వొస్తే నవ్వండి, నవ్వేది నన్నే కాబట్టి నాకేం బాధ లేదు. ఏడుపొస్తే మాత్రం నన్నడగొద్దు. నా వంతు నేను ఏడ్చేశాను.

నాకు అక్షరాలు యాభై ఆరో ఏట వచ్చాయి. ఆలస్యంగా వచ్చిన చుట్టంలాగా, రాగానే ఇల్లంతా పెత్తనం చేశాయి. సబ్బు కాగితం, బస్సు బోర్డు, ఎరువు సంచి, ఏది కనబడినా పైకి చదవాల్సిందే. మా ముసలాయన చెవుల్లో వేళ్లు పెట్టుకునేవాడు.

"గా పురుగుల మందు డబ్బా మీద సుత ఏందో రాసుంది. అది సుత సదివి సంపు నన్ను."

ఆయన ముప్పై ఎనిమిదేళ్లు ఆ మార్కెట్లోనే హమాలీ. పల్లికాయ బస్తాలు మోసి మోసి, పని మానేసిన తర్వాత కూడా వీపు మీద ఒక బస్తా మిగిలిపోయినట్టే నడిచేవాడు. ఆ ఏడాది దగ్గు పట్టుకుంది. మొలతాడు రెండుసార్లు బిగించి కట్టుకున్నాడు. మా ఊరి ఆశ కార్యకర్త సుజాత నా వెంటబడింది.

"పెద్దమ్మా, పెద్దబాపు పుల్ల లెక్క అయితుండు. జర పాలమూరు పెద్ద దవాఖానకు తోలుకపో."

"దవాఖానకు పోతే లేని రోగం సుత అంటిచ్చి తోలుతరు. నేను రాను," అని ఆయన మంచం దిగలేదు.

ఇద్దరి మధ్య తీర్పు చెప్పడానికి చదువుకున్నదాన్ని నేను ఉన్నాను కదా! సుజాత స్వయంగా ఆరోగ్య కేంద్రం గోడకు అంటించిన కాగితాన్ని కూడబలుక్కుని చదివాను. మనిషి ఎత్తు ఎన్ని సెంటీమీటర్లో చూసి, అందులోంచి వంద తీసేస్తే, ఉండాల్సిన బరువు ఉజ్జాయింపుగా తెలుస్తుందట. "ఉజ్జాయింపుగా" అనే మాటను నేను దాటేశాను. నోరు తిరగని పొడుగు మాటలను దాటెయ్యడం అప్పట్లో నాకు అలవాటు.

ఆ మంగళవారం ఆయన్ను మార్కెట్‌కు నడిపించుకు వెళ్లాను. గేటు దగ్గర మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టే హజ్రాబీని టేపు అడిగాను. టేపు రెండో వైపున సెంటీమీటర్లు ఉంటాయని ఆమెకు నేనే చూపించాను. ఎంత గర్వమో! ఆయన్ను గోడకు నిలబెట్టాం.

"భాయ్, జర సీదా నిలబడు," అంది హజ్రాబీ.

"సీదానే ఉన్న చెల్లె."

"యాడ సీదా? గోడకూ నీ తలకూ నడుమ మూరెడు జాగా ఉంది."

"ఊకో హజ్రా," అన్నాను. "మనిషి ఎట్లుంటే గట్లనే కొలవాలె. గుంజి పెంచుతమా?"

టేపు పాదం దగ్గర మొదలై తల మీద ముగిసింది. ఒక్క గీత మిగల్లేదు, ఒక్క గీత తగ్గలేదు. ఆయన కోసమే కోసి అమ్మినట్టుంది. నూట యాభై! తర్వాత కాంటా మీద నిలబెట్టాం. కాంటా చూసే మల్లేశ్ నవ్వాడు.

"అక్కా, రుమాలుకూ చెప్పులకూ తరుగు తియ్యాల్నా?"

మార్కెట్లో ప్రతి బస్తాకూ మట్టి అనీ తేమ అనీ కొంత బరువు కోసేస్తారు. అదే తరుగు.

"నా మొగనికి తరుగు తీస్తే నీ కాంటా పలగ్గొడత!"

కాంటా యాభై చూపించింది. నూట యాభైలోంచి వంద తీస్తే యాభై. గింజ అటూ ఇటూ కాలేదు. షెడ్డు అదిరేలా అరిచాను. మల్లేశ్ ఈల వేశాడు. ముసలాయన తీర్థం నుంచి వచ్చినవాడిలా రుమాలు సర్దుకున్నాడు. అప్పుడే సుజాత పరుగున వచ్చింది.

"పెద్దమ్మా, గది అందాజకు రాసిన లెక్క. మనిషి తగ్గుకుంట పోతుంటే లెక్కతోని ఏం పని?"

"నువ్వే అంటిస్తివి, నువ్వే కాదంటివి! సదువు రానప్పుడు చెప్పిన మాటలు ఇప్పుడు చెప్పకు."

నేను అందరికీ బెల్లం పంచాను. మూడు నెలలు దవాఖాన మాట ఎవరెత్తినా "మా ఆయన లెక్క ప్రకారం ఉన్నడు" అని నోరు మూయించాను. ఆయన కూడా దగ్గుతూనే "లెక్క ప్రకారం" అనేవాడు.

దగ్గులో రక్తం పడ్డ రోజు మా ఇద్దరినీ సుజాతే బస్సెక్కించి పాలమూరు తీసుకెళ్లింది. అక్కడ ఒక చిన్న వయసు డాక్టరమ్మ ఆయన్ను తూచింది. నలభై ఐదు. ఎత్తు కొలవడానికి గోడ దగ్గరికి తీసుకుపోలేదు.

"తాతా, నడుం వంగింది కదా. చేతులు రెండు దిక్కులా చాపు."

ఆయన చాపాడు. పెద్ద గద్ద రెక్కలు విప్పినట్టే ఉంది. ఆమె ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొస దాకా కొలిచింది. నూట అరవై ఆరు.

"నడుం వంగకముందు నీ ఎత్తు ఇంచుమించు ఇంత. అరవై ఆరు కిలోల దగ్గర ఉండాల్సినోనివి. ఇన్ని రోజులు ఏం చేసిండ్రమ్మా?"

నేను ఆయన చాపిన చేతులనే చూస్తున్నాను. మా పెళ్లినాడు మా పుట్టింటి గుమ్మం తలకు కొట్టుకుని ఆయన నుదురు బొప్పి కట్టింది. ఆడవాళ్లంతా, "తాడిచెట్టును తెచ్చుకున్నవు గదనే" అని నన్ను ఏడిపించారు. అంత పొడుగు మనిషని నేనే మరిచిపోయాను. రోజూ చూసే కళ్లకు, వంగింది తెలియలేదు.

ఆయన చేతులు దించి నా మొహం చూశాడు.

"ఏడ్వకే. గా పదహారు సెంటీలు మార్కెట్ల తరుగు కింద పోయినయి."

డాక్టరమ్మ నవ్వాలో వద్దో తెలియక కాగితం మీదికి వంగింది. మందులు క్రమం తప్పకుండా వేశాను. నలభై ఏడు దాకా వచ్చాడు. ఆ చలికాలం దాటలేదు.

అందుకని చదివేవాళ్లందరి ఎదుట ఒట్టు వేస్తున్నాను. బతికున్నంతకాలం ఏ మనిషికీ టేపు పట్టను. నా జాకెట్టుకు కూడా హజ్రాబీకి పాత జాకెట్టే కొలతకు ఇస్తున్నాను. పొడుగు మాట ఎదురైతే, పొద్దు గూకినా సరే, పూర్తిగా చదివిన తర్వాతే ముందుకు పోతాను.

ఆ మంగళవారం గోడ దగ్గర ఉన్నవాళ్లం: సీదా నిలబడమన్న హజ్రాబీ, తరుగు తీస్తానన్న మల్లేశ్, వద్దని చెప్పిన సుజాత, ఎవరి మాటా వినని ఈదమ్మ అనే నేను. పెనిమిటి పేరు నోటితో పలకని తరం నాది. చేత్తో రాయడానికి అడ్డం లేదు గనక రాస్తున్నాను. గోడకు నిలబడ్డవాడు జంగయ్య. ఎత్తు నూట అరవై ఆరు.